కుస్తీ గొప్పా, కర్రసాము గొప్పా అని తేల్చిన పీర్ల పండుగ

నేను పావడా కట్టుకొని ఊరంతా తిరిగే రోజుల్లో... అంటే కర్నూలు రాజధానిగా ఉన్న కాలంలో... పొద్దున లేవగానే మా పెద్దనాయన గరిడీ ఇంటికి పరిగెత్తేదాన్ని.

బేతంచెర్ల దగ్గర మా ఊరు. గరిడీ ఇల్లంటే పెద్ద మిద్దె ఏమీ కాదు. నాపరాళ్ళ గోడలు, పైన బోదగడ్డి కప్పు, లోపల జల్లించి పోసిన ఎర్రమట్టి, మూలన నూనె పట్టించిన వెదురు కర్రలు. మా పెద్దనాయన ఈరన్న అక్కడ కర్రసాము నేర్పేవాడు. ఆ మట్టిలోనే మౌలాలి మామ కుస్తీ నేర్పేవాడు. ఇద్దరూ చిన్ననాటి స్నేహితులు... రోజూ తగువు పడే స్నేహితులు.

తగువు ఎప్పుడూ ఒకటే. నిజంగా కొట్లాట వస్తే ఏ విద్య పనికొస్తుంది?

కర్రసాములో దెబ్బ ఎక్కడ పడుతుందో ఎదుటివాడికి ముందే తెలుసనీ, వరస తప్పకుండా ఆడతారు కాబట్టి చూడ్డానికి మాత్రమే బాగుంటుందనీ మామ అనేవాడు. కుస్తీలో అలా కాదట... ఎదుటివాడు రోజూ నిజంగానే పడేయాలని చూస్తాడట.

దానికి పెద్దనాయన నవ్వేవాడు. "నువ్వు కింద ఒకన్ని అదిమి పట్టుకోనుంటావు. వాని తమ్ముడు ఎనకనుంచి వచ్చి నెత్తిన ఏస్తే ఏం చేస్తావప్పా?"

మాటలతో తేలక ఒకనాడు ఇద్దరే దిగారు. కర్రకు గోనెపట్టా చుట్టారు. మామ నేరుగా వస్తే భుజం మీదో మోకాలి మీదో దెబ్బ పడేది. కానీ ఒకసారి చేతికందే దూరంలోకి దూరాడంటే కర్ర తిప్పడానికి చోటే ఉండేది కాదు... పెద్దనాయన వెల్లకిలా మట్టిలో. నేను కిసుక్కున నవ్వితే, ఆయన కూడా నవ్వుకుంటూ లేచి ఒళ్ళు దులుపుకున్నాడు.

ఆ రోజు నుంచి నేర్పే పద్ధతే మారింది. వరసలు తగ్గించారు. ఒకడు గోనె చుట్టిన కర్రతో ఇష్టం వచ్చినట్టు కొట్టాలి, ఇంకొకడు దూరి పట్టు పట్టాలి. తల మీద కొట్టకూడదు. పడినవాడి మీద చెయ్యెత్తకూడదు. ఎవరు 'బస్' అన్నా ఇద్దరూ విడిపోవాలి. అలా ఆడీ ఆడీ ఇద్దరు బాగా ఎదిగారు... పెద్దనాయన శిష్యుడు ఓబులేసు, మౌలాలి మామ తమ్ముడు మస్తాను. ఒకే ముంతలో మజ్జిగ తాగేవాళ్ళు.

వాళ్ళు మా ఊరి పెద్దమనిషి కంట్లో పడ్డారు. ఆయన పేరు పలకడానికి నాకు ఇప్పటికీ నోరు రాదు. పక్క ఊరితో ఆయనకు పొలం గట్టు తగాదా. వెంట తిప్పుకోవడానికి మనుషులు కావాలి. ఏ విద్య నేర్చినవాడు గట్టివాడో చూసి పెట్టుకోవాలనుకున్నాడు... సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు.

పీర్ల పండుగ నాడు మధ్యాహ్నం, చావిడి ముందు ఊరంతా ఉండగా, గోనె లేకుండా, 'బస్' లేకుండా, ఒకరు లేవలేనంత వరకూ ఆడమన్నాడు. పెద్దనాయన, మామ ఇద్దరూ కుదరదన్నారు. ఆయన వాళ్ళను పక్కకు నెట్టించి, కుర్రాళ్ళిద్దరినీ పిలిచాడు. గెలిచినవాడికి తన ఇంట్లో కొలువన్నాడు. ఆ ఏడు వానల్లేవు. ఇద్దరి ఇళ్ళలోనూ జొన్నలు అడుగంటాయి. ఇద్దరూ బరిలోకి వచ్చారు.

ఓబులేసు మొదటి దెబ్బకే మస్తాను ఎడమ మోచెయ్యి విరిగింది. ఆ శబ్దం... వద్దులెండి. అయినా మస్తాను దూరాడు. ఒంటిచేత్తో నడుం పట్టి ఓబులేసును పడేసి, రొమ్ము మీద కూర్చున్నాడు. పిడికిలి ఎత్తి ఆగిపోయాడు. "బస్, ఓబులేసూ" అన్నాడు.

జనం ఒప్పుకోలేదు. కొట్టు కొట్టు అని కేకలు. మా వీధి ఆడవాళ్ళు కూడా అరిచారు, చంకలో పిల్లల్ని పెట్టుకొని. మస్తాను లేవబోతూ తూలి మోకాళ్ళ మీద పడ్డాడు. అప్పటికి ఓబులేసు చేతికి కర్ర అందింది. ముఖం మీద కొట్టాడు.

మస్తాను కుడికన్ను పోయింది.

పెద్దమనిషి ఆకూవక్కా నములుతూనే, "కర్రే మేలప్పా" అన్నాడు. అంతే. చెయ్యి విరక్కపోతే కుస్తీయే గెలిచేదని ఒకడు, ఇంకా దూరం ఉంచి కొట్టాల్సిందని ఇంకొకడు... మస్తాను నెత్తురు మట్టిలో ఇంకుతుంటే, పండుగ పానకం తాగుతూ, మూతి తుడుచుకుంటూ మాట్లాడుకున్నారు. నేను అక్కడే కక్కుకున్నాను. ఆ తర్వాత ఏళ్ళ తరబడి పానకం వాసన పడేది కాదు.

పెద్దనాయనా మామా కలిసి మస్తానును కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. చెయ్యి అతుక్కుంది. కన్ను రాలేదు.

వాళ్ళు తిరిగొచ్చిన రోజు ఓబులేసు మా గడపలో నిలబడ్డాడు. కొత్త పంచె, కిర్రుమనే కొత్త చెప్పులు. కాళ్ళు మొక్కబోతే పెద్దనాయన కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

"మోకాళ్ళ మీద ఉండేవాన్ని కొట్టమని నీకు నేను ఎప్పుడన్నా చెప్పిన్నా?"

ఇంట్లో అమ్మ పస్తులుందనీ, ఆ కొలువు తప్ప దారి లేకపోయిందనీ ఓబులేసు గొణిగాడు.

"మస్తాను ఇంట్లో మాత్రం ఏముండాదిరా? పో. ఇంగ ఈడికి రావద్దు."

గరిడీ ఇల్లు మళ్ళీ తెరవలేదు. సాయంకాలాలు పెద్దనాయనా మామా అరుగు మీద కూర్చునేవాళ్ళు గానీ, ఏ విద్య గొప్ప అన్న మాట మళ్ళీ వినబడలేదు. కొన్నాళ్ళకు ఓబులేసు ఆ గట్టు దగ్గరే శవమై దొరికాడు. వేటకొడవళ్ళతో చుట్టుముట్టిన పక్క ఊరివాళ్ళ ముందు కర్రా పనికిరాలేదు, పట్టూ పనికిరాలేదు. పెద్దమనిషి ఆ వారంలోనే ఇంకొకణ్ణి పెట్టుకున్నాడు. మస్తాను నాపరాయి గనిలో పనికి కుదిరాడు, పెళ్ళి చేసుకున్నాడు, మనవళ్ళను ఎత్తుకున్నాకే పోయాడు.

ఇప్పుడు ఫోను తెరిస్తే ఇవే... ఏ దేశపు విద్య గొప్ప, వీధిలో ఎవడు ఎవణ్ణి పడేశాడు అని వీడియోలు. కింద వందలమంది తీర్పులు. నెత్తురు కారుతుంటే నవ్వు బొమ్మలు పెడతారు. ఆనాడు ఊరంతా ఒకచోట చేరితేగానీ కనబడని ఆ ముఖాలు, ఈనాడు ప్రతి జేబులోనూ ఉన్నాయి...

గరిడీ ఇల్లున్న చోట ఇప్పుడు బండలకు పాలిష్ పట్టే షెడ్డు. తెల్లటి దుమ్ము తప్ప ఏమీ లేదు.

మీ ఊళ్ళోనూ ఒక గరిడీ ఇల్లో, కుస్తీ నేర్పే తాలింఖానానో ఉండే ఉంటుంది. ఎవరు ఎవర్ని ఓడించారో నాకు చెప్పకండి. పిల్లల ఒళ్ళు విరగకుండా కాచుకుంటూ నేర్పిన మనిషి ఒక్కరు గుర్తున్నా, ఆయన గురించి రాయండి... చదువుతాను.