పరుపులో చుట్టిన తుపాకి

మా ఇంటి ఆడపిల్లను అత్తగారింటికి పంపేటప్పుడు ఊరి పొలిమేరలో తుపాకి పేల్చేవాళ్లు. మా ఊరు పాల్మాకులలో ఇంకెవరింట్లోనూ ఈ పద్ధతి లేదు, ఎందుకంటే ఇంకెవరింట్లోనూ తుపాకి లేదు. అడవిపందుల నుంచి చేను కాపాడుకోవడానికని మా తాత లైసెన్సు తెచ్చుకున్నాడు, ఆయన తర్వాత అది బాపు పేరు మీదికి మారింది. పందులు ఎన్ని చచ్చాయో తెలియదు గానీ, మా మేనత్తలందరూ ఆ చప్పుడు విన్నాకే ఊరు దాటారు. నా పెళ్లికి అది మోగకపోతే బాపుకు తల కొట్టేసినట్టే.

నా పెళ్లి తొంభైల్లో, సరిగ్గా ఎన్నికల ముందు జరిగింది. ఎన్నికలు అయ్యేదాకా లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో అప్పజెప్పాలని ఊళ్లో చాటింపు వేశారు. బాపు వినీ విననట్టు ఊరుకున్నాడు. అమ్మ గుర్తుచేస్తే, అప్పగింతలు కాగానే తనే తీసుకుపోయి ఇస్తానన్నాడు.

పొలిమేరలో ఒక తూటా పేల్చాడు. అది జోడు గొట్టాల తుపాకి. రెండోది రాజేంద్రనగర్‌లో మా అత్తగారి గుమ్మం ముందు పేల్చాలని ముచ్చటపడి, ఆ తూటాను తీయకుండా అలాగే ఉంచాడు. నాకు పెట్టిన పరుపులో తుపాకిని చుట్టి, నేనూ పెళ్లికొడుకూ ఎక్కిన జీపులోనే వెనక పెట్టించాడు. పెళ్లికూతురి బండిని ఎవరు ఆపుతారని ఆయన ధీమా. తను మాత్రం వియ్యంకుడి పక్కన కూర్చోవాలని వెనకొచ్చే బస్సెక్కాడు. ఈ సంగతి నాకూ చెప్పలేదు, జీపు నడిపే ఆయనకూ చెప్పలేదు.

ఆయన షంషాబాద్ అడ్డా మీద కిరాయి జీపు నడుపుకునే క్రైస్తవుడు. నేను బడికి పోయిన రోజుల నుంచీ ఆ జీపులోనే తిరిగాను. ఆ రోజు బంతిపూల దండలు కూడా ఆయనే తెచ్చి కట్టాడు.

షంషాబాద్‌లో పోలీసులు ఆపారు. పెళ్లి బండి కదా అని కానిస్టేబుల్ నవ్వుతూనే వెనక సామాను తట్టి చూశాడు. పరుపు మీద చెయ్యి పడగానే నవ్వు ఆగిపోయింది. ఎస్సై వచ్చి తుపాకి తెరిచి, తూటా బయటికి తీశాడు. డ్రైవర్‌ని కిందికి దింపారు. తనకేమీ తెలియదని ఆయన చేతులు కట్టుకుని చెబుతూనే ఉన్నాడు.

ఇంతలో బస్సు వచ్చింది. బాపు, మా మామగారు దిగారు. ఎస్సై అందరికీ వినబడేలా, "లైసెన్సు ఉన్న మనిషి తుపాకితో పాటే ఉండాలి. తూటా తీసేసి ఉండాలి. ఎన్నికలప్పుడైతే ఇది అసలు రోడ్డెక్కకూడదు. ఎవరిదో చెప్పకపోతే బండి నడిపినవాణ్ణే లోపలేస్తాను, జీపు కూడా ఇక్కడే ఉంటుంది," అన్నాడు.

మామగారు బాపు వైపు చూశాడు. బాపు తలపాగా సర్దుకున్నాడు.

"మాది కాదు సార్. బండిలకు ఎట్లొచ్చిందో డ్రైవర్‌నే అడుగుండ్రి."

ఊరి పంచాయతీల్లో తీర్పు చెప్పే గొంతే అది. నాకు ప్రాణం చచ్చిపోయింది. డ్రైవర్ బాపునే చూస్తూ నిలబడ్డాడు. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

నేను బాసికంతోనే జీపు దిగాను.

"బాపూ, అది మనదే కద," అన్నాను.

కొడతాడనుకున్నాను. ఆయన లోపలి జేబులోంచి లైసెన్సు తీసి ఎస్సైకి ఇచ్చాడు. మాది కాదన్నప్పుడు కూడా అది ఆయన జేబులోనే ఉంది. మామగారు మొహం అటు తిప్పుకున్నాడు. నిజం చెప్పానన్న తృప్తి నాకు ఒక్క క్షణం కూడా కలగలేదు. అంతమందిలో బాపు తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడితే, నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. ఆయన చేసినదానికి సిగ్గు, అది నా నోటితోనే బయటపడినందుకు ఇంకో సిగ్గు.

బాపును ఠాణాకు తీసుకుపోయారు. డ్రైవర్ పరుపును మళ్లీ చుట్టి వెనక సర్దాడు. "ఇగ ఎక్కు బిడ్డా, అత్తగారోళ్లు ఎదురుచూస్తుంటరు," అన్నాడు.

బాపు జామీను మీద ఇంటికొచ్చాడు. తుపాకి మళ్లీ రాలేదు. అత్తగారింట్లో నన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు, కానీ మా ఇంటి ఊసు వస్తే చాలు, నేను వంటింట్లోకి పోయేదాన్ని.

పుట్టింటికి వెళ్లినప్పుడు షంషాబాద్‌లో ఆ జీపే ఎక్కేదాన్ని. ఆయన ఎప్పటిలాగే సీటు తుడిచి కూర్చోమనేవాడు. బాపు మాత్రం షంషాబాద్‌లో పనుంటే ఎంత ఎండలోనైనా నడిచే పోయి నడిచే వచ్చేవాడు. ఒకసారి మాకు దారిలో కనిపించాడు. డ్రైవర్ జీపు నెమ్మది చేసి, "ఎక్కు పటేలా, మీ ఇంటికే పోతున్న," అన్నాడు. బాపు చేల వైపు చూస్తూ నడిచాడు. డ్రైవర్ కొంతదూరం ఆయన పక్కనే మెల్లగా పోనిచ్చాడు. చివరికి గేరు మార్చాడు. నేను బాపును ఎండలో వదిలేసి, ఆయన ఇంటికే చుట్టంలా పోయాను.