నాలలు కొట్టిన ఎద్దు

నా చిన్నప్పుడు మా అమ్మ కడుపులో గడ్డ లేచింది. నారాయణఖేడ్ నుంచి బస్సులో పట్నం తీసుకుపోయి పెద్ద దవాఖానలో ఆపరేషన్ చేయించారు. దేవుని దయవల్ల గడ్డ పోయింది, కుట్లు మానాయి, అమ్మ ఇంటికి వచ్చింది. కానీ వచ్చిన మనిషి నాకు తెలిసిన అమ్మలా లేదు. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. పట్టపగలే గోడవైపు తిరిగి పడుకునేది. నేను ఎప్పుడూ బడికి పోలేదు. పలక, బైబిలు ముందు పెట్టుకుని నాకు అక్షరాలు నేర్పింది అమ్మే. ఇప్పుడు పలక పట్టుకుని మంచం పక్కన నిలబడితే, ఆమె వేళ్లు వణికి బలపం కింద పడిపోయేది.

మా ఇళ్లలో దేవుడు మేలు చేస్తే స్తుతి కూడిక పెట్టుకుంటాం. బాగైన మనిషి పదిమంది ముందు నిలబడి సాక్ష్యం చెప్పాలి. అమ్మ వచ్చిన ఎనిమిదో రోజే మా మేనత్త కూడిక పెట్టించింది. వాకిట్లో చాపలు పరిచారు, పాటలు పాడారు, అందరూ అమ్మవైపు చూశారు. అమ్మ లేచింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. చివరికి "నాకు భయమైతుంది" అని కూర్చుండిపోయింది.

"గడ్డ పాయె, కుట్లు మానె. ఇంక భయమేంది వదినె? విశ్వాసం తక్కువైతే గిట్లనే ఉంటది" అంది మేనత్త, అందరికీ వినపడేలా.

నాకు సిగ్గేసింది. అందరూ పోయాక అమ్మ దగ్గరికి వెళ్లి, "దేవుడు బాగుచేస్తే నువ్వు దేవుని పరువు తీసినవ్" అన్నాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ మాట ఇప్పటికీ నా నోట్లో చేదుగానే ఉంది.

అరుగు మీదున్న తాతయ్య విన్నాడు. కోప్పడలేదు. మర్నాడు పొద్దున ఎద్దుకు నాలలు కొట్టించడానికి పోతూ నన్నూ వెంటబెట్టుకున్నాడు. నాలలు కొట్టే చాచా అంగడి పక్కన ఉండేవాడు. ఎద్దును గడ్డి మీద పడేసి, నాలుగు కాళ్లూ కలిపి కట్టి, డెక్కలకు ఇనుప నాలలు పెట్టి మేకులు దిగ్గొట్టాడు. తాడు విప్పాక ఎద్దు లేచి నిలబడింది గానీ ఒళ్లంతా సన్నగా వణుకుతోంది. ముందు వేసిన జొన్నచొప్ప ముట్టలేదు.

నొస్తుందా అని అడిగాను. డెక్క మన గోరులాంటిదే, నొయ్యదన్నాడు తాతయ్య.

"మరి ఇప్పిండ్రు గదా, ఎందుకు వణుకుతుంది?"

చాచా నవ్వాడు. "ఇప్పినమని మనకెరుక బిడ్డా. దాని ఒంటికి ఇంకా ఎరుక కాలే. గిప్పుడే బండికి కట్టినవనుకో, ఇగ జన్మల నన్ను దగ్గరికి రానియ్యదు."

తాతయ్య ఎద్దు మెడ నిమురుతూ నిలబడ్డాడు. నన్నూ చేయి వేయమన్నాడు. నా అరచేతి కింద ఆ వణుకు తగ్గడానికి చాలాసేపు పట్టింది. అప్పుడు ఎద్దు ఒక్క పరక అందుకుంది. ఆ పూట బండి కట్టలేదు, మెల్లగా నడిపించుకుంటూ వచ్చాం. దారి పొడుగునా తాతయ్య అమ్మ మాటే ఎత్తలేదు.

ఇంటికి రాగానే నేనే వెళ్లి అమ్మ వీపు మీద చేయి వేసి కూర్చున్నాను. చేతి కింద అదే వణుకు.

మేనత్త మళ్లీ కూడిక సంగతి ఎత్తితే తాతయ్య, "ఎద్దుకు పూటంత ఇడుస్తం, కోడలికి పది దినాలు ఇడువమా?" అన్నాడు. పది రోజులు కాదు, నెలలు గడిచి కందులు కోసేదాకా పట్టింది. ఒకనాడు అమ్మే లేచి కూర్చుని, "నీ పలక ఏది బిడ్డా?" అంది. నేను విన్న సాక్ష్యం అదే.

ఇన్నేళ్లకు మొన్న నా మోకాలికి ఆపరేషన్ అయింది. కోత పెడితే మెదడు ఆపద వచ్చిందనుకుని ఏవో హార్మోన్లు వదులుతుందట. ఆపద పోయినా కొందరిలో అవి జల్దీ సర్దుకోవట, అందుకే నాకీ గుబులు, నిద్రపట్టకపోవడం. తగ్గకపోతే దాచుకోకుండా చెప్పమంది డాక్టరమ్మ. నాకు చాచా గుర్తొచ్చాడు.

స్తుతి కూడిక ఎప్పుడు పెడదామని నా కోడలు అడిగింది. జర ఆగమన్నాను. దేవునికి నా కృతజ్ఞత మంచం మీద పడుకునే చెప్పుకున్నాను. వణుకుతూ చెప్పినా ఆయనకు వినపడుతుంది. కోడలు పక్కన కూర్చుంది. నేను ఆమె చేయి తీసుకుని నా వీపు మీద పెట్టుకున్నాను.