పుట్టిలో నిలబడ్డ మా మేనత్త

మొన్న ఆదివారం చర్చిలో నేను కునుకు తీస్తుండగా, కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు మైకులో గాలిని గద్దించారు. ఆ కేకకు ఉలిక్కిపడి లేచి, ఆయన ఎత్తిన చెయ్యి చూసి పైకే నవ్వేశాను. మా ఆవిడ తొడపాశం పెట్టింది. ఆ నవ్వు ఎందుకొచ్చిందో ఆవిడకు తెలుసు. ప్రభువు పడవలో నిద్రపోవడం, తుపాను రావడం, శిష్యులు గగ్గోలుపెట్టి లేపడం, ఆయన లేచి ఒక్క మాటతో గాలినీ నీళ్ళనూ ఊరుకోబెట్టడం. ఈ కథకు కాళ్ళూ చేతులూ తగిలించి ఆడి చూపించిన తెలివితక్కువవాణ్ణి మా పల్లెలో మొట్టమొదట నేనే. ప్రభువు చెయ్యెత్తినట్టు ఆ కథలో ఎక్కడా లేదు. ఆ చెయ్యి నాది. దాని ఫలితం అనుభవించిందీ నేనే.

అవి యుద్ధం రోజులు. మాచర్లకు పైన, కృష్ణ ఒడ్డున, నాపరాళ్ళ గోడల పల్లె మాది. అక్కడి మిషను బడికి నేను కొత్త పంతుల్ని. పంతుల్ని గనక సాయంత్రం ప్రార్థనలో వాక్యం చదవడమూ నా నెత్తినే పడింది. చదివి ఊరుకోవచ్చు గదా? బల్ల ఎక్కి, కండువా జాడించి, చెయ్యి చాచి గాలిని గద్దించేవాణ్ణి. ముందు వరసలో మా మేనత్త. తల్లిలేని నన్ను పెంచిన మనిషి. ఆమె పెనిమిటి ఒక వరదలో ఏరు దాటుతుంటే, ఎక్కిన పుట్టి తిరగబడి ఆ ఏట్లోనే పోయాడు. అప్పట్నించీ ఆమె ఏటికేసి బిందె పట్టుకుని వెళ్ళింది లేదు. ఎంత దూరమైనా బావికే పోయేది. అలాంటి మనిషి మాటిమాటికీ "ఒరేయ్ అబ్బాయ్, ఆ గాలి కథ చదవరా" అనేది. నేనేమో నా నటన మెచ్చి అడుగుతోందనుకుని మురిసిపోయి, ఇంకాస్త గట్టిగా అరిచేవాణ్ణి.

ఇంతలో నాకు సంబంధం వచ్చింది. అదీ ఏటికి అవతల, నైజాం వైపు. పెద్దదిక్కు వచ్చి కూర్చుంటే తప్ప ప్రధానం జరగదని పిల్ల తండ్రి కబురు పెట్టాడు. నాకున్న పెద్దదిక్కు అత్త ఒక్కతే. ఏరు దాటాలంటే పుట్టి ఒక్కటే దిక్కు. అంటే వెదురు బుట్టకు తోలు కప్పిన పెద్ద గంప; గుండ్రం గనక దానికి ముందూ లేదు, వెనకా లేదు. పుట్టి బుద్ధెరిగాక నేను ఎన్నోసార్లు పుట్టి ఎక్కాను గాని, అత్తను ఎక్కమనడానికి మాత్రం నోరు రాలేదు. చివరికి ఎలాగో చెప్పాను. "ఏసయ్య పేరు చెప్పి గద్దిస్తే గాలి ఊరుకుంటది గదరా?" అంది. పెళ్ళి తొందరలో ఉన్నవాణ్ణి. "ఊరుకుంటది అత్తా" అనేశాను.

పుట్టి నడిపే ఆయన ఎక్కేముందు అందరికీ చెప్పేది ఒక్కటే: కూకున్న కాడ కూకోవాల, లేవగూడదు. నడి ఏట్లోకి వచ్చేసరికి పడమటి గాలి లేచింది. పుట్టి గిరగిరా తిరిగింది. ఒళ్ళో అరిసెల బుట్ట పెట్టుకుని కళ్ళు మూసుకున్న అత్త, ఉన్నట్టుండి బుట్ట పక్కన పెట్టి నిలబడింది. చెయ్యి చాచింది. అచ్చం నా చెయ్యే!

"ఏసయ్య నామాన చెబుతున్నా, ఊరుకో!"

"ఓ పెద్దమ్మా, కూకో!" తెడ్డు వేసే ఆయన కేకపెట్టాడు. "నువ్వు నిలబడితే అందరం పోతాం!"

"కూకుని చెబితే ఇనదయ్యా! ఆయన లేచే గద్దిచ్చాడు. మావాడు చేసి చూపిచ్చాడు గదా."

"ఏందయ్యా పంతులూ, ఏం నేర్పిచ్చావు ఈమెకి?"

నీళ్ళు ఒక పక్కనించి లోపలికి వస్తున్నాయి. "అత్తా, ప్రభువు ఎక్కింది పడవ, పుట్టి కాదు" అని బతిమాలాను. వినదే! చేసేదిలేక కాళ్ళు పట్టుకుని లాగాను. ఆమె నా మీద పడింది, నేను అరిసెల మీద పడ్డాను. పుట్టి మునిగిందని జనం ప్రతి చిన్నదానికీ అంటుంటారు గాని, ఆ మాట ఆ రోజు నాకు ముక్కుదాకా తెలిసొచ్చింది. గాలి మాత్రం తనకు బుద్ధి పుట్టినంతసేపూ వీచి, ఒడ్డు దగ్గరపడ్డాక తగ్గింది.

"చూశావా, ఊరుకుంది" అంది అత్త, కొంగు పిండుకుంటూ.

అక్కడితో ఆగినా బాగుండేది. పెళ్ళివారింట్లో కాళ్ళు కడుక్కోకముందే మొదలుపెట్టింది. "నేను గద్దిచ్చా గాబట్టి వచ్చాం. మావాడు అడుగున పడి, అమ్మో అని చానా ఏడిచాడు." తలుపు చాటున పిల్ల కిసుక్కున నవ్వింది. ఇప్పుడు తొడపాశం పెట్టేది ఆవిడే. నలిగిన అరిసెలతోనే ప్రధానం జరిగింది. నా పరువు కూడా ఆ బుట్టలోనే నలిగింది.

మర్నాడు తిరుగు ప్రయాణంలో మళ్ళీ గాలి లేచింది. తెడ్డాయన అత్తకేసి ముందే గుడ్లురిమాడు. నేను బట్టల మూట తలకింద పెట్టుకుని, పుట్టి అడుగున ముడుచుకుని కళ్ళు మూశాను. కాస్త గురక కూడా పెట్టాను. పుట్టి రెండు చుట్లు తిరిగేసరికి అత్త నా భుజం పట్టి కుదిపింది.

"ఒరేయ్, లెయ్యరా! మేం చచ్చిపోతుంటే నీకేం పట్టదా?"

పడవలో శిష్యులు అడిగిందీ అదే. నేను కాచుకున్నదీ దానికే. లేచి కూర్చుని, ప్రభువు అడిగినంత నిదానంగా, "ఎందుకత్తా అంత భయం? ఇంకా నమ్మకం కుదరలేదా?" అన్నాను.

వీపు మీద ఒక్కటి చరిచింది. తర్వాత నవ్వింది. ఆ నవ్వు సగంలో ఆగిపోయి, గాలిలో వినపడీ వినపడకుండా అడిగింది: "మీ మావయ్య పుట్టిలో కూడా ఉన్నాడంటావా, ఏసయ్య?"

నా దగ్గర నటన అయిపోయింది. "ఉన్నాడత్తా" అన్నాను. ఈసారి చెయ్యి ఎత్తలేదు. ఆమె చెయ్యి పట్టుకున్నాను. గాలి ఒడ్డుదాకా ఊరుకోలేదు. ఆమె వేళ్ళ వణుకు మాత్రం నడి ఏట్లోనే ఊరుకుంది.

ఆ రేవు ఇప్పుడు ఆనకట్ట నీళ్ళ అడుగున ఉంది. ఆనాడు కక్షతో నటించిన నిద్ర, ఈనాడు ప్రసంగం మొదలవగానే నిజంగానే వచ్చేస్తోంది. తొడపాశంతో లేపడానికి మా ఆవిడ ఉంది గాని, చచ్చిపోతున్నాం లెయ్యరా అని కుదిపే అత్త లేదు.