కుంకుమబొట్టు పెట్టిన పుస్తకం

చెన్నమ్మాళ్ బడి గడప తొక్కలేదు. పన్నెండో ఏట సింగానల్లూరు మిల్లులో పత్తి ఏరే పనికి చేరి, మిల్లు మూతబడ్డ రోజున చీర కొంగుకు అంటిన నూగు దులుపుకుని ఇంటికొచ్చింది. అప్పటి నుంచి వంటిల్లు, మొగుడు, గోడలోని దేవుడి గూడు. పిల్లలు లేరు. మొగుడు నారాయణసామి ఆమెకు సొంత మేనమామ. అదే మిల్లులో నూలు కండెల దగ్గర ముప్పై ఏళ్లు నిలబడినవాడు. పెళ్లై నలభై ఏళ్లు దాటినా ఆమె ఆయన్ను మామా అనే పిలుస్తుంది.

ఆ వీధిలో తాతముత్తాతల నాటి నుంచీ నోటి మాట తెలుగు, బడి చదువు తమిళం. చెన్నమ్మాళ్‌కి ఆ చదువూ లేదు. లేకపోబట్టేనేమో, అక్షరమంటే ఆమెకు భయమూ భక్తీ. దారిలో అచ్చు కాగితం ముక్క కాలికి తగిలితే చాలు, వంగి తీసి కళ్లకద్దుకుని ఏ గోడ మీదో పెడుతుంది. పొట్లం కట్టిన పేపరును కూడా మడిచి దాస్తుంది.

మూడేళ్ల కిందట నారాయణసామికి రెండు మూత్రపిండాలూ పోయాయి. చేతి నరం ద్వారా రక్తం శుభ్రం చేద్దామని రెండుసార్లు కోశారు. రెండుసార్లూ నరం మూసుకుపోయింది. మెడలో గొట్టం వేస్తే చీము పట్టింది. చివరికి కడుపులో ఒక సన్నని గొట్టం పెట్టి డాక్టరు ఆమెతో అన్నాడు: "ఇంక మిగిలింది ఇదొక్కటే తోవమ్మా. దీన్ని కాపాడుకుంటే మనిషి ఉంటాడు." రోజుకు నాలుగుసార్లు ఆ గొట్టానికి మందునీళ్ల బ్యాగు తగిలించాలి. కడుపులోని పాత నీళ్లు బయటికి దింపాలి, కొత్తవి ఎక్కించాలి. అదంతా ఇంట్లోనే చెయ్యాలి. చేసే చేతికి మురికి అంటకూడదు. అంటితే అది గొట్టం గుండా నేరుగా కడుపులోకే పోతుంది.

ఆసుపత్రిలో ఇలక్కియ అనే నర్సు మూడు రోజులు కూర్చోబెట్టి నేర్పింది. ఇంటికి పంపేటప్పుడు ఒక చేతిలో తమిళంలో అచ్చువేసిన పుస్తకం, ఇంకో చేతిలో తన ఫోను పట్టుకుని అడిగింది.

"ఇందులో అంతా రాసి ఉందమ్మా. ఇదే పని వీడియోలో కూడా ఉంది, మీ ఫోనుకు పంపుతాను. మరిచిపోతే దేన్ని చూస్తారు?"

"నాకు చదవను రాదు తల్లీ. చూసేది ఇయ్యి, చూసి చేస్తాను."

"సరే. పుస్తకం కూడా ఉంచుకోండి. చదివేవాళ్లు ఎవరైనా ఉంటారుగా."

చెన్నమ్మాళ్ రెండు చేతులా పుస్తకం అందుకుంది. ఇంటికి రాగానే పసుపు రాసి, కుంకుమబొట్టు పెట్టి, దేవుడి గూట్లో పెరుమాళ్ల పటం ముందు పెట్టింది. మామ ప్రాణం కాపాడే మాటలున్న పుస్తకం ఇంకెక్కడుంటుంది మరి? బస్టాండు దగ్గర పూలమ్మే వీరాయి సంగతి తెలుసుకుని రోజూ జానెడు మల్లెపూలు ఎక్కువ కొలిచి ఇచ్చేది. "ఇది ఆ పుస్తకానికి అక్కా" అనేది. ఆ పూలు రోజూ పుస్తకం మీద పడేవి. ఎవరూ దాన్ని తెరవలేదు.

ఫోను మాత్రం రోజుకు నాలుగుసార్లు మోగేది. మంచం పక్క స్టూలు మీద చెంబుకు ఆనించి పెట్టేది. వీడియోలో ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఒక నర్సుపిల్ల చేతులు కడుక్కుని, బ్యాగు విప్పి, మూత తీసి, గొట్టం తగిలించేది. మొత్తం పదకొండు నిమిషాలు. చెన్నమ్మాళ్ వేళ్లు మిల్లులో మొద్దుబారినవి. ఆ పిల్ల మూత బిగించేసరికి ఈమె ఇంకా బ్యాగు విప్పుతూనే ఉండేది.

"నీ నర్సుపిల్లకి ఎంత తొందరో చూడు! బస్సు తప్పిపోతాదని భయమేమో" అనేవాడు నారాయణసామి పడుకునే.

"నోరు మూసుకో మామా. అది పోతే పోనీ, నేను పోలేదు కదా."

"నువ్వెక్కడికి పోతావు? నన్ను కట్టుకున్నప్పుడే దా నీ బస్సు పోయింది."

ఆమె నవ్వి, చిటికెనవేలి కణుపుతో ఫోను మీద మెల్లగా తట్టేది. ఆ పిల్ల ఆగేది. పని అయ్యాక మళ్లీ తట్టేది, ఆ పిల్ల కదిలేది. ఒక్కో పూటకు నాలుగైదుసార్లు. పొద్దున్నే స్నానం చేసి తడిగుడ్డతో ఫోనును కూడా తుడిచి పెట్టుకునేది. కడిగిన చెయ్యి, తుడిచిన ఫోను. అందులో మైల ఏముంటుందని ఆమెకు తోస్తుంది? వీడియోలోని పిల్లకు ఫోను ఆపే అవసరమే లేదు. ఎదురుగా నిలబడి ఎవరో చిత్రం తీస్తున్నారు, ఆమె చేసుకుపోతోంది. చేసిందంతా అది చూపించింది. ముట్టకూడనిదాన్ని మాత్రం ఎలా చూపిస్తుంది?

మూడో ఏడు ఆడి అనే ఆషాఢమాసంలో ఒక పొద్దున కడుపులోంచి దిగిన నీళ్లు బియ్యం కడుగులా తెల్లగా వచ్చాయి. జ్వరం. ఆసుపత్రిలో పదిరోజులు మందు ఎక్కిస్తే తగ్గింది. నెల తిరక్కుండానే మళ్లీ అదే వచ్చింది.

రెండోసారి ఇంటికొచ్చిన మూడోరోజు ఇలక్కియ సెలవు పెట్టుకుని, రెండు బస్సులు మారి, వెతుక్కుంటూ వచ్చింది. పొరుగింటి సుగంధి తోవ చూపించి తీసుకొచ్చింది. సుగంధి పీలమేడులో ఒక కాలేజీ ఆఫీసులో గుమాస్తా.

"ఎప్పుడూ చేసినట్టే చెయ్యండమ్మా. నేను లేననుకోండి" అని ఇలక్కియ గోడ పక్కన నిలబడింది.

చెన్నమ్మాళ్ చేతులు కడిగింది. చక్కగా, గోళ్లసందులు కూడా. ఫోనులో పిల్ల మొదలుపెట్టింది. చిటికెనవేలు ఫోను మీద పడింది. ఇలక్కియ కళ్లు మూసుకుంది. రెండోసారి పడినప్పుడు మాత్రం ఆపుకోలేక, "పుస్తకం ఎక్కడుందమ్మా?" అంది.

ఆమె గూటి వైపు చూపించింది. సుగంధి కాళ్లు కడుక్కొచ్చి, పూలు పక్కకు తీసి, పుస్తకం దించింది. పసుపు తడికి పుటలు అంటుకుపోయాయి. గోటితో విడదీసి, ఆరో పుట దగ్గర ఆగి చదివింది. చదివినదాన్ని తెలుగులో చెప్పడానికి ఆమెకు కాస్త సమయం పట్టింది.

"చెయ్యి కడిగినాక ఫోను, తలుపు, కొళాయి ఏదీ ముట్టగూడదంట అత్తా. ముట్టితే మళ్లీ మొదటి నుంచి కడగాలంట."

చెన్నమ్మాళ్ తన చిటికెనవేలిని చూసుకుంది.

"అది నేను మీకు చెప్పనే లేదమ్మా" అంది ఇలక్కియ. "మూడు రోజులూ నేను పక్కనే ఉన్నాను. ఫోను అవసరమే రాలేదు. నాకు తట్టలేదు."

"నువ్వేం చేస్తావు తల్లీ. బుక్కును నా ఇంట్లో పెట్టుకుని పూవు పెట్టినాను. తెరిచినానా?"

మంచం మీంచి నారాయణసామి అన్నాడు: "రెండాళ్లూ ఏడ్చేది ఆపి, మొదట ఈ గొట్టానికి క్లిప్పు వెయ్యండి. కడుపు చల్లబడతా ఉండాది."

మర్నాటి నుంచి సుగంధి పుస్తకంలోని పనిని తమ ఇంటి తెలుగులోకి మార్చి, తమిళ అక్షరాల్లో ఒక నోటుబుక్కులో రాసుకుంది. ముఖానికి గుడ్డ కట్టుకుని గడప దగ్గర నిలబడి ఒక్కో మాటా చదివేది. "కడిగినావా? తుడిచినావా? ఇప్పుడే దా మూత తియ్యి." ఆమె చేసేదాకా ఆగేది. పొద్దుటి పూట చదివి ఆఫీసుకు ఆలస్యంగా పోయేది. మధ్యాహ్నం తిండి మానుకుని బస్సెక్కి వచ్చేది. ఆఫీసులో పెద్దాయన రిజిస్టరు వైపు చూసి, చూడనట్టు తల తిప్పుకునేవాడట. పుణ్యాత్ముడు. పదకొండు రోజులు ఒక్క పొరపాటు లేకుండా గడిచింది. దిగిన నీళ్లు కూడా లేత పసుపుగా, తేటగా ఉండేవి.

పన్నెండో రోజు మళ్లీ తెల్లగా వచ్చింది.

ఈసారిది బూజు జాతి అన్నారు. పాత జబ్బుకు వాడిన మందుల చాటున లోపల ఎప్పుడో పట్టి ఉంటుందట. ఇప్పటి శుభ్రానికి అది లొంగదట. గొట్టం తీసేశారు. కడుపు లోపల పేగులు ఒకదానికొకటి అంటుకుపోయాయి, మళ్లీ పెట్టడానికి లేదన్నారు. చేతి నరాలు లేవు, మెడలో చోటు లేదు, గుండె తట్టుకునేలా లేదు. డాక్టరు మంచివాడు. కుర్చీ లాగి ఆమెను కూర్చోబెట్టి చెప్పాడు. ఇంటికి తీసుకుపొమ్మన్నాడు.

ఇంట్లో వాడని బ్యాగుల పెట్టెలు పంతొమ్మిది మిగిలాయి. ఇలక్కియ ఫోను చేసి, పళని దగ్గర ఊళ్లో ఒక అమ్మకు ఇవి ఉపయోగపడతాయని చెప్పింది. మనిషిని పంపితే చెన్నమ్మాళ్ ఒక్కొక్క పెట్టెనూ తుడిచి ఇచ్చింది. నోటుబుక్కు కూడా ఇయ్యమంటావా అని సుగంధి అడిగితే, "ఆ అమ్మ మన మాట ఆడదేమో" అని కాసేపు ఆలోచించి, "ఇయ్యి, ఎవరైనా చదివి చెప్తారు" అంది. అన్నాక తన మాటకే తల వంచుకుంది.

ఆ రోజు ఫోను పెట్టేసే ముందు ఇలక్కియ ఇంకో మాట కూడా చెప్పింది. "ఇంక పథ్యం ఏమీ వద్దమ్మా. ఆయన ఏది అడిగితే అది ఇవ్వండి."

ఆ మాట అర్థం కావడానికి చదువు అక్కర్లేదు.

ఆ సాయంత్రం నారాయణసామి నాలుక పిడచగట్టి నీళ్లడిగాడు. ఒంట్లో నీరు చేరుతుందని మూడేళ్లుగా ఆయనకు రోజంతటికీ కొలిచి మూడు గ్లాసులు. ఎండాకాలంలో కూడా అంతే. ఆమె కుండలోంచి పెద్ద చెంబు నిండా ముంచి తెచ్చి, తల ఎత్తి పట్టుకుంది. ఆయన రెండు గుక్కలు తాగి అలవాటుగా ఆగాడు.

"ఇంకెంత తాగచ్చు చెన్నీ?"

"తాగు మామా."

"అంతానా?"

ఆమె చెంబును ఆయన పెదాలకు ఇంకాస్త దగ్గరగా జరిపింది. ఆయన ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. తరువాత చెంబును రెండు చేతులా పట్టుకుని, కళ్లు మూసుకుని, పూర్తిగా తాగేశాడు.