ఆవిడ ఇంగ్లీషుకు నేను చెప్పిన ‘బావుందండి’

కొన్నేళ్ళపాటు ఒక మాట నా గుండెల మీద కుంపటిలా ఉండిపోయింది. నేను ఎవరినీ కొట్టలేదు, ఎవరి సొమ్మూ తినలేదు. ఒకావిడను మెచ్చుకున్నాను. అంతే. మెచ్చుకోవడం కూడా తప్పేనా అని మీరు అడుగుతారు. నేనూ నన్ను చాలాసార్లు అలాగే అడిగి, తప్పు కాదని జవాబు చెప్పుకుని, ఆ జవాబును నేనే నమ్మలేక మళ్ళీ మొదటికి వచ్చాను. ఇవాళ మీకు చెప్పేస్తాను. మీరు నా ముఖం చూడరు కాబట్టి కొంచెం తేలిక.

భీమవరంలో రొయ్యలు విదేశాలకు పంపే ఒక కంపెనీ ఆఫీసులో పనిచేస్తాను. నా పక్క సీటు సత్యవేణి గారిది. ఇద్దరమూ తెలుగు మీడియమే, ఇద్దరమూ ముప్ఫై అయిదు దాటినవాళ్ళమే. కాగితం మీద ఇంగ్లీషు మాకు బాగానే వచ్చు. నోరు విప్పితేనే ఇబ్బంది. కొన్నేళ్ళ క్రితం ఒకరోజు మేనేజరు గారు మమ్మల్ని పిలిచారు. ఇకనుంచి ఫారిన్ బయ్యర్లతో వీడియో కాల్స్ మీ ఇద్దరిలో ఒకరికి అప్పగిస్తాను, మూడు నెలల తరువాత చెరొక కాల్ ఇచ్చి చూస్తాను అన్నారు.

సత్యవేణి గారికి పోటీ అన్న ఆలోచనే రాలేదు. కలిసి నేర్చుకుందామన్నారు. ప్లాన్ కూడా ఆవిడదే. రోజూ పొద్దున్నే వంటయ్యాక ఇద్దరమూ ఒకే పేరా చదివి, ఫోన్లో రికార్డు చేసి పంపుకోవాలి. ఒకరిది ఒకరు విని, ఎక్కడ తేడాగా ఉందో చెప్పుకోవాలి. మరునాడు ఆ తేడా మీదే పని చెయ్యాలి. ఈ వయసులో నాలుక తిరుగుతుందా అని నేనంటే, తిరక్కపోతే తిప్పుదామండి అని నవ్వారు.

ఆవిడ నా రికార్డింగులు ఎంత శ్రద్ధగా వినేవారో. ప్రతి పదం చివరా ఒక ‘ఉ’ తగిలిస్తున్నానని పట్టుకున్నారు. ఊపిరి తీసుకోకుండా పరిగెడుతున్నానని, చివరికొచ్చేసరికి గొంతు పడిపోతోందని చెప్పారు. నాకు ఒళ్ళు మండేది. తరువాత అద్దం ముందు నిలబడి అవే సరిచేసుకునేదాన్ని. రెండో నెల వచ్చేసరికి నా మాట నాకే కొత్తగా వినిపించింది.

మరి నేనేం చేశాను? ఆవిడ రికార్డింగూ వినేదాన్ని. ‘సైజు’, ‘ఫ్రోజెన్’ లాంటివి మా వ్యాపారంలో వాక్యానికొకసారి వస్తాయి. వాటిలో మెత్తగా ‘z’ పలకాల్సిన చోట ‘జ’ గట్టిగా పడేది. తడబడినప్పుడల్లా వేగం పెరిగేది, ఇంగ్లీషు వాక్యం చివర కూడా ‘అండి’ వచ్చి చేరేది. నాకు అన్నీ వినిపించేవి. విని, బావుందండి, మీకింక దిద్దాల్సిందేం లేదు అని పంపేదాన్ని.

మొదటిసారి మొహమాటమే. ఒట్టు. మా వైపు పెళ్ళిభోజనంలో పప్పు ఉప్పు కషాయమైనా, బ్రహ్మాండంగా ఉందండి అని మరో గరిటె వేయించుకుంటాం. ఎదుటి మనిషి తప్పు మొహం మీద చెప్పడం మాకు చేతకాదు. కానీ ఆ తరువాత? రోజూ? అది మొహమాటం కాదు, శుద్ధ కుళ్ళు. పైకి మర్యాదలా కనిపించేది కాబట్టి ఎవరూ పట్టుకోలేదు. ఆ కాల్స్ నాకు కావాలి. బడిలో నన్ను నిలబెట్టి ఇంగ్లీషు పాఠం చదివించినప్పుడు క్లాసంతా నవ్వింది చూడండి, అప్పటినుంచీ నా ఇంగ్లీషు నలుగురూ నవ్వకుండా వినే చోటొకటి నాకు కావాలి. సత్యవేణి గారేమో, మీరు మరీ మొహమాటస్తులండి, ఒక్క తప్పయినా చెప్పండి అని బతిమాలేవారు. ఉంటే చెప్పనా అనేదాన్ని.

ఆవిడ కాల్ రోజున నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. బయ్యర్ మంచివాడే. మళ్ళీ చెప్పమన్నాడు. ఇంకోసారి చెప్పమన్నాడు. అతను అడిగినకొద్దీ ఈవిడ వేగం పెంచారు. చివరికి మేనేజరు గారు తనే మాట్లాడి ముగించారు. ఇంట్లో బాగానే వచ్చిందండి, ఇక్కడే కంగారు పడ్డాను అని సత్యవేణి గారు తప్పంతా తన మీదే వేసుకున్నారు. నేను మంచినీళ్ళు అందించాను.

నా కాల్ సాఫీగా సాగింది, కాల్స్ నాకొచ్చాయి. ఆవిడ ప్యాకింగ్ కాగితాల పనికి మారిపోయారు. ఆ తరువాత ఇంగ్లీషులో నోరు విప్పలేదు. ఎక్కడినుంచి ఇంగ్లీషు ఫోనొచ్చినా నాకందించి, మీరు మాట్లాడండి, నాకు పుట్టుకతోనే రాదు అనేవారు. పుట్టుకతోనా? ఆ మాట విన్న ప్రతిసారీ కాదని చెప్పాలనిపించేది. ఫోను అందుకుని మాట్లాడేసేదాన్ని.

పోయిన నెల ఆవిడే వచ్చారు. కాల్స్‌కు రెండో మనిషి కావాలట, మళ్ళీ ప్రయత్నిస్తాను, ఒక రికార్డింగు వింటారా అన్నారు. మధ్యాహ్నం క్యాంటీన్లో ఆవిడ ఎదురుగా కూర్చుని విన్నాను. ఒక్క తప్పు కూడా పోలేదు. ఎప్పటి మాటే నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఒక్కో తప్పూ చెప్పి, ఎలా పలకాలో పలికి చూపించాను. ఆవిడ నాతోపాటు పలికారు. కాసేపటికి ఆగిపోయారు.

"ఇవన్నీ అప్పుడు కూడా ఉన్నాయాండీ?"

గుర్తులేదండి అంటే సరిపోయేది.

"ఉన్నాయండి. అన్నీ విన్నాను. కావాలనే చెప్పలేదు."

ఆవిడ క్యారేజీ సర్దుకుని లేచి వెళ్ళిపోయారు. మరునాడు పొద్దున్న నా ఫోన్‌కు ఒక రికార్డింగు వచ్చింది. పలకరింపు లేదు. విని, తప్పులు చెప్పి పంపాను. జవాబు లేదు. ఆ మరునాడు ఇంకొకటి వచ్చింది. అలాగే సాగుతోంది.

క్షమించమని నేను అడగలేదు. అడిగితే మొహమాటానికి ఫరవాలేదండి అంటారు. ఆ మాట నాకొద్దు. నష్టపోయింది ఆవిడ, బరువు దిగింది నాకు. ఇదేం న్యాయమో తెలియదు. కానీ నిజం చెప్పాలంటే, హాయిగా ఉంది.