ముప్పై ఏడు దగ్గర కొట్టిన దెబ్బ

ఒకప్పుడు, ఎవరో చచ్చిన గదిలో వారం తిరక్కముందే కిరాయికి దిగినవాణ్ణి నేను. దయ్యం అన్నవాణ్ణి చూస్తే నవ్వొచ్చేది. నలభై ఏళ్లు సూరత్ మగ్గాల మధ్య బతికాను. అబద్ధం రాస్తే నాకొచ్చేది ఏమీ లేదు.

నా కొడుకు శంకర్ సలాబత్‌పురాలో మగ్గానికెక్కించే జకార్డు అట్టలకు చిల్లులు కొట్టేవాడు. ఆ చిల్లుల వరుసను బట్టే చీర మీద పువ్వు పడుతుంది. ఒక్క అట్ట వరుస తప్పినా పువ్వు చెడుతుంది. అందుకే పది అట్టలకొక ఎర్ర దారం కట్టి, అక్కడ ఆగి సరిచూసుకునేవాడు. యాభై దాటాక నాకు అక్షరాలు నేర్పిందీ వాడే, పాడైన అట్టల వెనక రాసి.

వాడి బిడ్డ మౌనిక డాక్టరు చదువు కోసం పరీక్షకు తయారవుతోంది. కరోనాకు కోచింగ్ మూతపడింది. ఫోన్‌లో పాఠాలు వినేది. తెలివికి లోటు లేదు. తంటా అంతా గుండ్రాలు దిద్దే జవాబుల కాగితంతోనే. రాని ప్రశ్న వదిలేసేది గానీ, దాని గుండ్రం ఖాళీగా వదలడం మరిచి, తర్వాతి జవాబు అందులో దిద్దేది. అక్కడి నుంచి జవాబులన్నీ ఒక వరుస జారేవి.

శంకర్‌కు ఆ ప్రశ్నల్లో ఒక్కటీ అర్థం కాదు. వరుస జారడం మాత్రం బాగా తెలుసు. రోజూ మధ్యాహ్నం, అసలు పరీక్ష జరిగే వేళకే, పాత పేపరు ఇచ్చి గోడవైపు కూర్చోబెట్టేవాడు. వెనక నిలబడి, పది ప్రశ్నలు నిండగానే స్టీలు స్కేలుతో బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఆమె ఆగి నంబరు సరిచూసుకునేది.

కరోనా రెండోసారి ఊరి మీద పడ్డప్పుడు శంకర్ దానికే పోయాడు. మౌనిక పుస్తకాలు మూటకట్టింది.

"నాయిన లేకుంటే నా వరుస ఎవరు చూస్తరు?" అంది.

నేను చూస్తానన్నాను. స్కేలు నా చేతికొచ్చింది.

ఒకరోజు పేపరు సగంలో ఉండగా కింద నల్లా నీళ్లు వచ్చాయి. ఆమెకు చెప్పకుండా దిగాను. గల్లీ పిల్లలు జొరబడకుండా తలుపుకు బయట గొళ్లెం పెట్టాను. కోడలు ఊరవతల సచిన్ అనే పేటలో పనికి పోయింది. స్కేలు నా నడుముకే దోపి ఉంది. రెండు డ్రమ్ములు నింపి పైకొచ్చేసరికి గొళ్లెం పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఏంది తాతా, పది లెక్కపెట్టరాదా నీకు? ముప్పై ఏడు కాడ కొట్టినవ్" అని వెక్కిరించింది. తర్వాత మెల్లగా అంది, "గని మంచిదే అయింది. చూస్తే ముప్పై ఆరు కాడనే జారిన."

మగ్గం చప్పుడు అనుకుందామంటే ఆ వారం మా లింబాయత్ గల్లీలో మగ్గాలన్నీ బంద్. నేను కొట్టలేదని చెప్పలేదు. చెబితే భయపడి పరీక్షే మానేస్తుందని నోరు మూసుకున్నాను.

పరీక్ష రోజు ఇంటివాళ్లను గేటు దగ్గర నిలబడనివ్వలేదు. పెద్ద రోడ్డు అవతల ఎండలో నిలబడ్డాను. స్కేలు ఇంట్లోనే ఉంది. మౌనిక బయటికొచ్చి, మాస్కు దించి, నా చేతుల వైపు చూసింది.

"గేటు మీద కొట్టినవా తాతా? గట్లనే, ఒక్కటే దెబ్బ వినబడ్డది. కిందికి చూస్తే మళ్ల జారిన. ఒక్క జవాబే పోయింది."

"ఔ బిడ్డా, నేనే" అన్నాను.

సీటు వచ్చింది. ఇప్పుడు హాస్టల్లో ఉంది. ఇంటికొచ్చినప్పుడల్లా తాత కొట్టిన దెబ్బకే సీటొచ్చిందని అందరికీ చెబుతుంది. నేను తల దించుకుని చాయ్ తాగుతాను.

పిల్లకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. గుజరాతీలో చదివింది. అందుకే ధైర్యంగా ఇక్కడ రాస్తున్నాను. కొట్టింది శంకరే అనడానికి నాకు నోరు రాదు. కాదనడానికీ రాదు. నేను మాత్రం కాదు.