అద్దం పైకి తిప్పేసిన రోజు

ఘాట్ రోడ్డు మీద బండి ఆగిపోతే డ్రైవరు ముందు బానెట్ ఎత్తడు. కత్తి తీసుకుని పక్కనున్న చెట్టు దగ్గరికి పోతాడు. పచ్చకొమ్మ ఒకటి నరికి, మలుపుకి అవతలిదాకా వెనక్కి నడిచి, రోడ్డు మధ్యలో పడేస్తాడు. మలుపు తిరగగానే బండి ఆగి ఉందని వెనకొచ్చేవాడికి అదే కబురు. అరకు నుంచి శృంగవరపుకోట దాకా ఈ సంగతి తెలియని డ్రైవరు లేడు.

ఆ రోడ్డు మీద నేను పందొమ్మిదేళ్ళు సర్వీసు జీపు తోలాను. కొత్తగా స్టీరింగు పట్టినవాళ్ళకి అడక్కపోయినా పాఠాలు చెప్పేవాడిని. రోడ్డుని కాదు, రోడ్డు మీదకి రాబోయేదాన్ని చూడాలనేవాడిని. గట్టు దిగిన మేక ఒకటే కనిపిస్తే, రెండోది ఇంకా దూకాల్సి ఉందన్నమాట. తారు మీద కొత్తమట్టి రాలి ఉంటే పైన రాయి కదులుతోందన్నమాట. నాకు తెలియకుండా ఆ కొండ మీద ఆకు కూడా కదలదని గొప్పలు పోయేవాడిని. ఆ గొప్పంతా ఒక్క పొద్దుటిపూటతో పోయింది.

మా అమ్మాయికి అప్పుడు ఏడేళ్ళు. మా ఆవిడ దాన్ని గుంట అనే పిలిచేది. మూడు రోజులుగా చలిజ్వరం. మందు వేస్తే దిగేది, మళ్ళీ వచ్చేది. నాలుగోరోజు తెల్లారేసరికి పళ్ళు బిగుసుకుపోయి, కళ్ళు పైకి తేలేసి, ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది. అరకులో డాక్టరు సూది వేసి, మలేరియా తలకెక్కిందనీ, వెంటనే కొండ కింద శృంగవరపుకోటలో పెద్దాసుపత్రికి దింపాలనీ అన్నాడు. అంబులెన్సు ఇంకో పేషెంటుని తీసుకుని అప్పుడే కిందకి వెళ్ళింది. అది తిరిగొచ్చేదాకా ఆగే ఓపిక నాకు లేదు. మా ఆవిడ పిల్లని ఒళ్ళో వేసుకుని నా వెనక సీటులో కూర్చుంది. జీపు తీశాను.

లోపలి అద్దం మామూలుగా ప్యాసింజర్లని చూసుకోవడానికి. ఆ రోజు దాన్ని పిల్ల మొహం కనపడేలా వంచుకున్నాను. కొండంతా మంచు పట్టి ఉంది, పదిగజాల అవతల ఏమీ కనపడటం లేదు. పిల్ల పెదాలు నల్లబడుతున్నాయా? అద్దంలోకి చూస్తాను. ఛాతీ కదిలిందా? మళ్ళీ చూస్తాను. భయం వేస్తే ఏడ్చే మనుషులున్నారు, నాకు మాత్రం భయం కోపంగానే బయటికొస్తుంది. ముందు పోతున్న బస్సుని తిట్టాను, మంచుని తిట్టాను, మూడు రోజులు ఇంట్లో పెట్టుకుని కూర్చున్నందుకు నన్ను నేను తిట్టుకున్నాను. చూపు రోడ్డు మీదే ఉందనుకున్నాను. బస్సుని దాటించి, వేగం తగ్గించకుండా తర్వాతి మలుపులోకి పోనిచ్చాను.

టైరు కింద ఫెళ్ళుమని ఏదో విరిగింది. ఆ చప్పుడు విన్నాక గానీ, అంతకుముందే ఆ కొమ్మ నా కళ్ళెదుట పడి ఉందని గుర్తుకు రాలేదు. ఇంత పచ్చగా, రోడ్డుకి అడ్డంగా ఉంది. నేను దాన్ని చూశాను. చూసి కూడా చూడలేదు.

బ్రేకు మీద నిలబడ్డాను. జీపు జారి, అడ్డం తిరిగినంత పనై, ఆగింది. ఎదురుగా చెడిపోయి ఆగిన నీలగిరి దుంగల లారీ. బయటికి పొడుచుకొచ్చిన దుంగ ఒకటి నా మొహానికి సూటిగా, జీపు ముందద్దానికి జానెడు దూరంలో ఉంది. వెనక మా ఆవిడ పిల్లని గుండెకి అదుముకుని సీట్ల మధ్యకి జారిపోయింది.

లారీ డ్రైవరు ముసలాయన. మెల్లగా నడిచొచ్చి విరిగిన కొమ్మని చూశాడు.

"కొమ్మ ఏసేను కదా బాబూ. అగుపడ్నేదా?"

తప్పంతా నాది. అయినా ఆయన మీదే అరిచాను. ఆయన జీపులోకి తొంగిచూసి, పిల్లని చూసి, గబగబా లోయ వైపు అంచుకి పోయి నిలబడి, నా చక్రం ఎంతవరకూ రావచ్చో చేత్తో చూపిస్తూ లారీ దాటించాడు.

దాటగానే మా ఆవిడ వెనకనుంచి చెయ్యి చాపి అద్దాన్ని జీపు కప్పు వైపు తిప్పేసింది.

"ఇటు సూడకు. నువ్వు రోడ్డు సూడు, గుంటని నేను సూత్తాను."

ఊపిరి ఉందో లేదో నాకెలా తెలుస్తుందని అడిగాను.

"మలుపుకాడ హారన్ కొడతావు గదా. కొట్టినప్పుడల్లా నేను ఉన్నాదని సెప్తాను."

అలాగే దిగాం. మలుపు రావడం, హారన్ కొట్టడం, వెనకనుంచి "ఉన్నాది" అని వినపడటం. ఆ ఒక్కమాట కోసమే మలుపు ఎప్పుడొస్తుందా అని చూసేవాడిని. మెల్లగా రోడ్డు మళ్ళీ కనపడసాగింది. పిట్టగోడ పక్కన కట్టెలమోపుతో ఆగిన ముసలమ్మ, తడి ఆకుల కింద గుంత, మంచులో ఎదురొస్తున్న వ్యాన్ లైటు, అన్నీ వాటి వేళకి కనపడ్డాయి. ఒక మలుపు దగ్గర మాత్రం హారన్ కొడితే జవాబు రాలేదు. మళ్ళీ కొట్టాను. వెనక్కి తిరగబోయేంతలో "ఉన్నాది, పోనీ" అంది.

ఆసుపత్రి గుమ్మంలోనే నర్సు పిల్లని అందుకుంది. మెడ మీద వేళ్ళు పెట్టి చూసి, నాడి ఆడుతోందని లోపలికి కేకేసి, పరిగెత్తింది. మేమిద్దరం బయట మిగిలిపోయాం. మా ఆవిడ గోడకి జారబడి నేలమీద కూలబడింది. పక్కన కూర్చుని, ఆ మలుపు దగ్గర ఎందుకు పలకలేదని అడిగాను.

పిల్ల మీద ఉంచిన చెయ్యి తిప్పి చూపించింది.

"ఉన్నాదో నేదో నాకేటీ తెలీనేదు, అక్కడ అబద్దమాడ్డానికి నోరు రానేదు. సెయ్యి గుంట గుండె మీదే ఉంచేను. జీపు అదురుతోందో, గుంట ఊపిరి తీత్తందో తెలీనేదు. మొగం సూద్దామంటే, నేను రోడ్డు మీంచి కళ్ళు తీత్తే నువ్వు మళ్ళీ కొమ్మ తొక్కేత్తావని భయం. దార్లో ఒక్కపాలి కూడా గుంట మొగం సూడ్నేదు. నీతోపాటు రోడ్డే సూసేను."

మూడోరోజు సాయంత్రం మా అమ్మాయి కళ్ళు తెరిచి మంచినీళ్ళు అడిగింది. ఇప్పుడు పదో తరగతి చదువుతోంది. ఆ ప్రయాణం దానికి గుర్తులేదు. జీపులో అద్దం పైకి ఎందుకుంటుందని అడిగితే, స్క్రూ వదులైందని చెబుతుంటాను. ఆ రోజు ఏ మలుపు దగ్గరో దాని ఊపిరి ఆగిపోయి ఉంటే, ఎక్కడ ఆగిందో కన్నవాళ్ళం ఇద్దరికీ తెలిసేది కాదు. నేను హారన్ కొడుతూనే ఉండేవాడిని, మా ఆవిడ ఉన్నాదంటూనే ఉండేది.